కుందేలు చెవి జబ్బులు: ఇంటి వైద్యం ఎక్కడిదాకా?

పెంపుడు కుందేళ్లకు చెవి జబ్బు ప్రధానంగా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి గజ్జి పురుగు వల్ల, రెండోది బాక్టీరియా చేరి చీము పట్టడం వల్ల. మొదట్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. కుందేలు పదేపదే తల విదిలిస్తుంది, వెనక కాలితో చెవి గోక్కుంటుంది, నిటారుగా ఉండే చెవిని పక్కకు వాల్చేస్తుంది. మందు మాత్రం రెంటికీ ఒకటి కాదు. మొదటిదానికి ఇంటివాళ్లు చేయగలిగింది చాలా ఉంది. రెండోదాన్ని ఇంట్లో నాన్చితే జబ్బు చెవి దాటి లోపలికి దిగుతుంది. అందుకే చెవిలో ఏ చుక్కలు వేయాలన్న ఆలోచన కంటే ముందు చెవిలో ఏముందో చూడాలి.

హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో ఈ తేడా తెలిసి ఉండడం మరీ అవసరం. నాగపూర్ హైవే మీద మేడ్చల్, కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట. రెండూ 2016 అక్టోబర్ 11న ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోవే. పాత ఊళ్ల చుట్టూ కొత్త లేఅవుట్లు, విల్లాలు, ఫామ్‌హౌసులు లేచాయి. పెరడున్న ఇంట్లో పిల్లలు మారాం చేస్తే చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్ నుంచి ఒక కుందేళ్ల జత దిగడం ఎంతసేపు? ఊళ్లలోని పశువుల దవాఖానలకు వచ్చేవి మాత్రం ఎక్కువగా గేదెలు, గొర్రెలు, మేకలు. కుందేలును చూసి చేయి తిరిగిన డాక్టరు కావాలంటే నగరంలోకి వెళ్లాల్సిందే. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాల ఉంది. శామీర్‌పేట నుంచి రాజేంద్రనగర్ అంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద నగరాన్ని సగం చుట్టి రావడమే. ఇంత దూరం ఉన్నప్పుడు ఎవరైనా ముందు ఇంట్లో ఉన్నదేదో వేసి చూద్దామనే అనుకుంటారు. అందులో తప్పు లేదు, వేసేదేమిటో తెలిస్తే.

చెవి లోపల

కుందేలుకు చెమట పట్టి ఒళ్లు చల్లబడే ఏర్పాటు దాదాపు లేదు. ఎండ ముదిరితే చెవుల్లోని రక్తనాళాలు వెడల్పై, ఒంట్లోని వేడిని బయటికి వదులుతాయి. చలికి అవే నాళాలు ముడుచుకుంటాయి. చెవి ముట్టుకుని జ్వరం చూసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది కానీ, చెవి వేడి వాతావరణాన్ని బట్టి మారిపోతుంది కాబట్టి ఆ లెక్క కుదరదు. ఆరోగ్యంగా ఉన్న కుందేలు ఒంటి వేడి 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. మనిషి కొలతతో చూస్తే అదే పెద్ద జ్వరం.

చెవి రంధ్రం తిన్నగా ఉండదు. కిందికి దిగి, మలుపు తిరిగి, కర్ణభేరి దగ్గరికి చేరుతుంది. దారిలో ఒక పక్కకు మూసుకుపోయిన చిన్న సంచీలాంటి గుంట ఉంటుంది. తెలియనివాళ్లు దూదిపుల్ల పెట్టేది ఎక్కువగా అందులోకే. పుల్ల గుబిలిని బయటికి లాగదు, ఇంకా లోపలికి దట్టిస్తుంది. కర్ణభేరి వెనక ఎముకతో చేసిన ఒక గది ఉంటుంది. అందులో చీము పడితే బయటికి వచ్చే దారి లేదు. దానికి తోడు కుందేలు చీము మనుషుల చీములా పలచగా కారదు, పన్నీరు ముద్దలా గట్టిపడుతుంది. చుక్కల మందు ఆ ముద్దలోకి ఇంకదు. కుక్కకు వారంలో తగ్గే చెవి జబ్బు కుందేలుకు నెలల తరబడి సాగడానికి కారణం ఇదే.

చెవులు కిందికి వేలాడే లాప్ జాతులకు ఈ ఇబ్బంది ఎక్కువ. వాటి చెవి మొదట్లో మృదులాస్థి మడతపడి దారి ఇరుకవుతుంది. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో 15 లాప్ కుందేళ్లను, 15 నిటారు చెవుల కుందేళ్లను పోల్చి చూశారు. ఇరుకైన చెవి రంధ్రం, పేరుకున్న గుబిలి, ముట్టుకుంటే నొప్పి, ఇవన్నీ లాప్ కుందేళ్లలోనే ఎక్కువగా కనిపించాయి. ముద్దొస్తోందని లాప్ పిల్లను కొనుక్కునేవాళ్లు వారానికోసారి టార్చి వేసి చెవి చూడడం కూడా అలవాటు చేసుకోవాలి.

గజ్జి పురుగు

చెవి గజ్జికి కారణమైన పురుగు పేరు సోరోప్టిస్ క్యునిక్యులై. ఫ్రెంచి పశువైద్యుడు డెలాఫాండ్ 1859లో దీన్ని వర్ణించాడు. ఇది చర్మాన్ని తొలిచి లోపలికి పోదు, పైపైనే తిరుగుతూ రాలిన చర్మాన్నీ ఊరిన రసినీ తిని బతుకుతుంది. ఆ రసి, పురుగుల మలం, రాలిన చర్మం కలిసి బూడిద, గోధుమ రంగుల్లో పొర మీద పొరగా పెచ్చులు కడతాయి. ముదిరితే చెవి డొప్ప మొత్తం నిండిపోయి, బరువుకు చెవి వాలిపోతుంది. గుడ్డు నుంచి గుడ్డు పెట్టే పురుగు దాకా సుమారు 3 వారాలు పడుతుంది. వైద్యంలోని గడువులన్నీ ఈ 3 వారాల చుట్టూనే తిరుగుతాయి.

ఇంట్లోనే దీన్ని గుర్తుపట్టవచ్చు. చెవి అంచున దానంతట అది ఊడి వేలాడుతున్న చిన్న పెచ్చును తీసి నల్ల కాగితం మీద పెట్టాలి. ఎండ తగిలే కిటికీ దగ్గర, భూతద్దం కింద కాసేపు కదలకుండా చూస్తే తెల్లటి చుక్కలు పెచ్చు అడుగు నుంచి బయటికి పాకడం కనిపిస్తుంది. చూపు బాగుంటే భూతద్దం కూడా అక్కర్లేదు. చుక్కలు కదిలితే గజ్జి ఖాయం. కదలకపోయినా గజ్జి లేదని కాదు, అప్పుడు డాక్టరు సూక్ష్మదర్శిని కింద చూస్తారు. పెచ్చులు చెవి లోపల కాకుండా ముక్కు మీద, పెదవుల చుట్టూ, కాలివేళ్ల మధ్య మొదలైతే అది వేరే పురుగు, సార్కోప్టిస్. అది చర్మంలోకి తొలుచుకుపోతుంది, ఎత్తుకున్నవాళ్ల చేతులకూ దురద అంటిస్తుంది. చెవి గజ్జి పురుగుకు మనుషుల మీద బతుకు లేదు.

పెచ్చులను చూడగానే గిల్లి తీసేయాలని చేతులు లాగుతాయి. ఆ పని చేయకూడదు. వాటి కింద పచ్చి పుండు ఉంటుంది. పెచ్చు లాగితే నెత్తురు కారుతుంది, నొప్పికి కుందేలు వెనక కాళ్లతో బలంగా తంతుంది. నడుము సరిగా ఆనించి పట్టుకోకపోతే ఆ తన్నులో వెన్నెముకే విరగవచ్చు. పురుగు చచ్చాక పెచ్చులు వాటంతట అవే ఎండి రాలిపోతాయి.

నూనె ఇక్కడ పనికొస్తుంది. ఇవర్‌మెక్టిన్ అనే మందు రాకముందు ప్రపంచమంతటా కుందేళ్లు పెంచేవాళ్లకు ఆధారం నూనె మందులే. నూనె పెచ్చును మెత్తబరుస్తుంది, పురుగుకు ఊపిరాడనివ్వదు. కొబ్బరి నూనె గానీ, మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ గానీ చాలు. గిన్నెను వేడినీళ్లలో పెట్టి నూనెను గోరువెచ్చగా చేసి, మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసుకోవాలి. ఒకరు కుందేలును తువ్వాలులో కాళ్లు బయటికి రాకుండా చుట్టి, దాని నడుము తమ పొట్టకు ఆనేలా ఒళ్లో పెట్టుకోవాలి. ఇంకొకరు చెవిని మొదట్లో మెల్లగా పట్టి, డ్రాపరు మొన లోపలికి పోకుండా చెవి గోడ వెంట నాలుగైదు చుక్కలు జారనివ్వాలి. చెవి మొదలును బయటినుంచి వేలితో కాసేపు నిమిరి వదిలేస్తే అది తలాడిస్తుంది. పైకి వచ్చినదాన్ని దూదితో అద్దాలి, రుద్దకూడదు. మెడ పక్కకు తిరిగి ఉన్నా, చీము వాసన వస్తున్నా నూనె వేయకూడదు. కర్ణభేరి చిల్లిపడి ఉంటే నూనె లోపలి గదిలోకి దిగుతుంది.

ఇంత చేసినా నూనెతో గజ్జి పూర్తిగా పోవడం అరుదు. పురుగులు చెవిలోనే ఉండవు, గోక్కున్నప్పుడు మెడకు, వెనక పాదాలకు అంటుకుని మళ్లీ చెవికే చేరతాయి. నూనె ఉపశమనం ఇస్తుంది, డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు మంట తగ్గిస్తుంది. దాని పని అక్కడితో సరి.

పుండ్ల మీద వేయకూడనివి

పసుపు పొడి చల్లితే రసితో కలిసి గట్టి పెచ్చు అవుతుంది, కింద ఏముందో డాక్టరుకు కూడా కనిపించదు. కర్పూరం కలిపిన నూనెను కుందేలు పాదంతో తుడుచుకుని నాకేస్తుంది, అది విషం. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పచ్చి చర్మాన్ని కాల్చేస్తాయి. వేపాకు పొగ పెట్టే అలవాటు పశువుల కొట్టంలో దోమలకు సరిపోతుందేమో, ఊపిరితిత్తుల జబ్బులకు తేలిగ్గా లొంగే కుందేలు పంజరం దగ్గర పెట్టకూడదు.

ఊళ్లలో గజ్జి పట్టిన కుక్కలకు, ఎడ్లకు కాలిన ఇంజన్ ఆయిల్ పూయడం ఇంకా ఉంది. కుందేలు చెవి విషయంలో దీనికి ఒక చేదు సాక్ష్యం ఉంది. జపాన్ శాస్త్రవేత్త కత్సుసబురో యమగివా 1915లో ఇచికావాతో కలిసి కుందేళ్ల చెవుల లోపలి వైపు నెలల తరబడి తారు పూస్తూ పోయాడు. చివరికి అక్కడ క్యాన్సర్ పుండ్లు లేచాయి. ఒక పదార్థం పూసి జంతువులో క్యాన్సర్ పుట్టించిన తొలి ప్రయోగంగా వైద్య చరిత్రలో అది నిలిచింది. తారులో క్యాన్సర్ కలిగించే రసాయనాల కుటుంబమే కాలిన ఇంజన్ ఆయిల్లోనూ ఉంటుంది.

ఇవర్‌మెక్టిన్ లెక్క

చెవి గజ్జికి ఇవాళ అసలు మందు ఇవర్‌మెక్టిన్. జపాన్‌లోని ఇటో పట్టణం దగ్గర, ఒక గోల్ఫ్ మైదానం పక్కన తీసిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి సతోషి ఒమురా దీనికి దారి తీశాడు. విలియం క్యాంప్‌బెల్ దాన్ని మందుగా రుజువు చేశాడు. 1981లో పశువుల మందుగా మార్కెట్లోకి వచ్చింది. 2015లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. గొర్రెల కాపరులకు, పాడి రైతులకు ఇది బాగా తెలిసిన మందు, పశువుల మందుల షాపులో సీసా సులువుగా దొరుకుతుంది.

చిక్కంతా ఆ సీసాతోనే. అది పశువు కొలతకు తయారైంది. 1 శాతం ఇంజెక్షన్ అంటే ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాముల మందు. కుందేలుకు పశువైద్య గ్రంథాలు చెప్పే మోతాదు కిలో బరువుకు 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాములు. 2 కిలోల కుందేలుకు లెక్కేస్తే 0.04 నుంచి 0.08 మిల్లీలీటరు. మామూలు సిరంజిలో అది సూది మొదట్లో తడి అంత. దశాంశ బిందువు ఒక స్థానం తప్పితే 0.4 అవుతుంది, అంటే పది రెట్లు. అప్పుడు కుందేలు మత్తుగా పడిపోతుంది, కాళ్లు వణుకుతాయి, ప్రాణమే పోవచ్చు. కిలో కూడా లేని పిల్లలకు ప్రమాదం ఇంకా పెద్దది. కాబట్టి ఇంటివాళ్లు తూకం కచ్చితంగా చూసి చెప్పాలి, సూది డాక్టరు వేయాలి. వంటింట్లోని ఎలక్ట్రానిక్ త్రాసు మీద బుట్ట పెట్టి, సున్నా చేసి, అందులో కుందేలును కూర్చోబెడితే గ్రాములతో సహా బరువు తెలుస్తుంది.

ఈ మందు పురుగును చంపుతుంది, గుడ్డును చంపదు. గుడ్లు పొదిగి బయటికి వచ్చేవాటి కోసం 10 నుంచి 14 రోజులకు మళ్లీ వేయాలి, ముదిరితే మూడోసారి కూడా. మొదటి సూదికే చెవి తేటగా కనిపించి చాలామంది ఆగిపోతారు, నెల తిరిగేసరికి పెచ్చులు మళ్లీ లేస్తాయి. ఇంట్లో ఎన్ని కుందేళ్లుంటే అన్నింటికీ ఒకేసారి వేయాలి, దురద లేనిదానికి కూడా. మెడ మీద వేసే సెలమెక్టిన్ చుక్కలను కూడా డాక్టర్లు వాడతారు.

కుక్కల పిడుదులకు పెట్ షాపుల్లో అమ్మే ఫిప్రోనిల్ మందును మాత్రం కుందేలు మీద ఒక్క చుక్క కూడా వేయకూడదు. స్ప్రే అయినా, మెడ మీద వేసేదైనా, దాంతో కుందేళ్లు మూర్ఛలు వచ్చి చనిపోయాయి. కుక్కకు మంచిదైంది చిన్న జంతువుకు ఇంకా మంచిదన్న నమ్మకం ఇక్కడ ప్రాణం తీస్తుంది.

చీము పట్టినప్పుడు

పెచ్చులు లేవు, కానీ తెల్లటి గట్టి మడ్డి కనిపిస్తోంది, చెవి మొదట్లో ఉబ్బు ఉంది, వాసన వస్తోంది, ముట్టుకోనివ్వదు. ఇది బాక్టీరియా పని. పాశ్చురెల్లా మల్టోసిడా, స్టెఫిలోకోకస్, సూడోమొనాస్ లాంటివి ఇందులో తరచుగా దొరుకుతాయి. పాశ్చురెల్లా చాలా కుందేళ్ల ముక్కులో ముందునుంచీ ఉంటుంది, అక్కడి నుంచి గొంతు వెనక గొట్టం గుండా చెవి లోపలి గదికి పాకుతుంది. అప్పుడు బయటి చెవి శుభ్రంగానే ఉండి లోపల చీము నిండి ఉండవచ్చు. ఒక పక్క పెదవి జారినా, ఒక కన్ను పూర్తిగా మూతపడకపోయినా జబ్బు ముఖ నరం దాకా వచ్చిందని అర్థం.

ఇంట్లో ఎప్పటిదో సగం మిగిలిన చెవి చుక్కల సీసా ఉంటుంది. మనుషులవైనా కుక్కలవైనా, ఆ చుక్కల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. కుందేలు ఒంటికి స్టెరాయిడ్ పడదు, రోగనిరోధక శక్తిని దిగలాగి, అణిగి ఉన్న పాశ్చురెల్లాను లేపుతుంది. జెంటామైసిన్, నియోమైసిన్ చుక్కలు చిల్లిపడిన కర్ణభేరి గుండా దిగితే వినికిడి పోవచ్చు.

ఇంకా పెద్ద గండం నోటితో ఇచ్చే యాంటీబయాటిక్. అమాక్సిసిలిన్ చాలా ఇళ్లలో మందుల డబ్బాలో ఉంటుంది. అది నోటి ద్వారా వెళితే కుందేలు పేగుల్లో గడ్డిని అరిగించే మంచి సూక్ష్మజీవులు చచ్చి, క్లాస్ట్రిడియం స్పైరోఫార్మీ అనే బాక్టీరియా పెరిగి విషం విడుదల చేస్తుంది. నీళ్ల విరేచనాలతో రోజుల్లో చనిపోతుంది. ఆంపిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్ కూడా ఇదే వరస. పెన్సిలిన్‌ను సూదిగా మాత్రం డాక్టర్లు కుందేళ్లకు వాడతారు, ఎందుకంటే సూది మందు పేగును అంతగా తాకదు. నోటికి సాధారణంగా రాసేది ఎన్రోఫ్లాక్సాసిన్ లాంటివి. ముదిరితే చెవి రంధ్రాన్నే తెరిచి లోపలి ముద్దను తీసే శస్త్రచికిత్స చేయాల్సి వస్తుంది.

తల ఒక పక్కకు ఒరిగి, కుందేలు గుండ్రంగా తిరుగుతూ పడిపోతుంటే రెండు అనుమానాలు. చీము లోపలి చెవికి చేరి ఉండాలి, లేదా ఎన్సెఫాలిటోజూన్ క్యునిక్యులై అనే సూక్ష్మజీవి మెదడుకు పట్టి ఉండాలి. 1922లో కాళ్లు పడిపోయిన కుందేళ్లలో మొదట గుర్తించిన జీవి ఇది. దీనికి ఫెన్‌బెండజోల్ 28 రోజులు ఇస్తారు. రైతులు నట్టల మందుగా ఎరిగినదే, అయినా మోతాదు మించితే ఎముక మూలుగ దెబ్బతింటుంది కాబట్టి రక్తపరీక్ష చూసుకుంటూ ఇవ్వాలి. ఈ దశలో ఇంటి సేవే కుందేలును నిలబెడుతుంది. పంజరం గోడల చుట్టూ చుట్టిన తువ్వాళ్లు పెట్టాలి, నీళ్ల గిన్నె అందేలా పక్కనే ఉంచాలి, నానబెట్టి మెత్తగా చేసిన పెల్లెట్లను సిరంజితో నోటి పక్కనుంచి కొద్దికొద్దిగా తినిపించాలి. తల ఒరిగినంత మాత్రాన ఆశ వదులుకోనక్కర్లేదు. నెల, రెండు నెలలు ఓపికగా చేసిన చోట చాలా కుందేళ్లు మళ్లీ తమంతట తాము తింటాయి, కొంత వంపు మిగిలినా హాయిగా బతుకుతాయి.

నొప్పిగా ఉన్న కుందేలు అరవదు, ఒక మూలకు చేరి మేత మానేస్తుంది. చెవి కంటే ముందు చూడాల్సింది పెంటికలను. అవి చిన్నవైపోయినా, ఆగిపోయినా, 12 గంటలుగా ఏమీ తినకపోయినా పేగులు స్తంభిస్తున్నట్టే, అది ఆ పూటకు ఆ పూట వైద్యం అందాల్సిన పరిస్థితి. గరిక, దశరథ గడ్డి, ఎండు గడ్డి ఎప్పుడూ ముందుండాలి. చెవి మందు వేసే ముందు కడుపు మాడ్చడం అసలే వద్దు, కుందేలుకు వాంతి కాదు.

పంజరం, కొత్త కుందేలు

చల్లగా తేమగా ఉన్న చోట గజ్జి పురుగు కుందేలు లేకుండా కూడా వారాల తరబడి బతుకుతుంది. వానాకాలంలో పంజరం కింద పరిచిన గోనెసంచి దానికి సరైన చోటు. సంచులను తీసి పారేయాలి, చెక్క పలకలను మరిగే నీళ్లతో కడగాలి, ఇనుప జాలీని రోజంతా ఎండలో పెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండ పంజరానికి మంచి మందు, కుందేలుకు మాత్రం మృత్యువు. దాన్ని ఆ సమయంలో నీడకు మార్చాలి. చల్లబరచడానికి చెవుల మీద నీళ్లు చిమ్మే అలవాటు జబ్బు చెవికి చేటు, తడిగుడ్డతో చెవి వెనక వైపు అద్దితే సరిపోతుంది.

కొత్తగా తెచ్చిన కుందేలును కనీసం 3 వారాలు పాతవాటికి దూరంగా వేరే పంజరంలో, వేరే గిన్నెలతో ఉంచాలి. ప్రయోగశాలల్లో ఇది తప్పనిసరి నియమం. శామీర్‌పేట దాటాక తుర్కపల్లి దగ్గర ఉన్న జీనోమ్ వ్యాలీలో టీకాల కంపెనీలతో పాటు, భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో ప్రయోగశాల జంతువుల జాతీయ కేంద్రం కూడా ఉంది. టీకాలు, సూది మందుల్లో జ్వరం తెప్పించే మలినాలున్నాయా అని చూసే పాత పరీక్షకు కుందేలు చెవి అంచున స్పష్టంగా కనిపించే సిరే ఆధారం. మందు అందులోకి ఎక్కించి ఒంటి వేడి పెరుగుతుందేమో చూస్తారు. జబ్బు చెవి ఉన్న కుందేలు అలాంటి పరీక్షకు పనికిరాదు, అందుకే అక్కడ కొత్త జంతువును విడిగా ఉంచి చూశాకే గుంపులో కలుపుతారు. ఇంట్లో రెండు కుందేళ్లున్నా ఈ నియమానికి అంతే విలువ.

శామీర్‌పేట చెరువు చుట్టుపక్కల పొదల్లో, చేలల్లో దొరికే చెవులపిల్లి వేరే జాతి. అది ఇంటి కుందేలు కాదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. గాయంతో దొరికినా ఇంట్లో పెట్టుకుని మందు వేయకుండా అటవీ శాఖకు చెప్పాలి.

దవాఖానకు తీసుకెళ్లేటప్పుడు తెల్లవారుజామునో, సాయంత్రమో బయల్దేరడం మేలు. గాలి ఆడే బుట్టలో అడుగున తువ్వాలు పరిచి, గుడ్డ చుట్టిన చల్లటి నీళ్ల సీసా ఒక పక్క పెట్టాలి, గడ్డి వేయాలి. ఆ ఉదయం చెవిలో ఏమీ వేయకూడదు, శుభ్రం కూడా చేయకూడదు, డాక్టరుకు చెవి ఉన్నది ఉన్నట్టు కనిపించాలి. నల్ల కాగితం మీద తీసిన పెచ్చును చిన్న డబ్బాలో వేసి, అప్పటిదాకా ఇంట్లో వాడిన ప్రతి మందు సీసాతో పాటు పట్టుకెళ్లాలి. జతగా పెరిగినవైతే రెండో కుందేలునూ అదే బుట్టలో తీసుకెళ్లడం మంచిది. దాని చెవీ చూపించినట్టవుతుంది, తోడు ఉంటే జబ్బుదీ దారిలో మేత మానదు.